వార్డులో అరివేణి కుండలు

1955, జనవరి 18

ఇవాళ డాక్టరు గ్రేసమ్మగారి చేతిలో సూదిమందు పెట్టెతోబాటు ఇంకో అట్టపెట్టె. రంగుబిళ్ళలు, కుంచెలు, దళసరి కాగితాలు. ఆడవాళ్ళ వార్డు మొత్తం దిళ్ళ మీంచి తలలెత్తి చూసింది.

ఇంగ్లండులో ఆవిడ చదువుకున్న క్షయ ఆస్పత్రిలో రోగులచేత బొమ్మలు వేయిస్తారట. "మందు ఊపిరితిత్తుల్ని చూసుకుంటుంది. నెలల తరబడి పడుకున్న మనిషిని ఎవరు చూసుకోవాలి?" అని నా మంచం పట్టె మీద చెయ్యి వేసి అడిగారు. నేనేం చెప్తాను... నేనూ ఆ పడుకున్నవాళ్ళలోదాన్నే.

"రాజేశ్వరీ, నువ్వు డ్రాయింగు టీచరువి కదా. వీళ్ళచేత వేయించు. కానీ నేర్పకు."

నేర్పకుండా వేయించడం! మద్రాసు ఆర్ట్సు స్కూల్లో అదొక్కటీ నాకు నేర్పలేదు.

జనవరి 19

కాగితాలు పంచాను. డాక్టరుగారు చెప్పమన్నట్లే చెప్పాను — మీ మనసులో ఏది ఉంటే అది వెయ్యండి.

ఎవరూ కదల్లేదు. తాడేపల్లిగూడెం సుబ్బలక్ష్మి, రైసుమిల్లు గుమాస్తాగారి భార్య, ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండే మనిషి, ఆవిడ కూడా కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. "మనసులోది ఇలా అందరి ముందూ పరుస్తామా ఏవండీ? ఇంట్లో మా ఆయనకే చెప్పను" అంది. అందరూ నవ్వారు. నవ్వితే దగ్గు. దగ్గు అయ్యాక కాగితాలు దిళ్ళ కిందికి వెళ్ళిపోయాయి.

పక్క మంచం పోలమ్మ నవ్వనూ లేదు, కాగితం ముట్టుకోనూ లేదు. కొల్లేటి లంకలో చేపలు పట్టుకుని బతికే ఇంటి మనిషి. వచ్చి నెల దాటింది. అడిగితే జవాబు, లేకపోతే లేదు.

జనవరి 20

నేనూ వేశాను. కూజా. గ్లాసు. గ్లాసు నీడ. చెరిపేశాను.

జనవరి 22

పోలమ్మ గీసింది! కాగితం నిండా నిలువు గీతలు, ఒకదాని పక్కన ఒకటి, సందు లేకుండా. మధ్యాహ్నం మొదలుపెట్టి దీపాలు పెట్టేవేళ దాకా. ముఖంలో ఏమీ లేదు. చెయ్యి మాత్రం ఆగలేదు.

డాక్టరుగారు ఆ కాగితం పట్టుకుని నన్ను వసారాలోకి పిలిచారు. "జైలు చువ్వలు. వార్డు ఆమెకి జైల్లా ఉంది, చూశావా?" ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. నాకూ అలాగే తోచింది. ఇద్దరం వెళ్ళి పోలమ్మనే అడిగాం.

"తడికండీ" అంది. "కిక్కిస గడ్డితో అల్లుతాం. నీళ్ళలో పాతుతాం. చేప లోనికి వత్తది. మళ్ళీ బయటికెళ్ళలేదు."

డాక్టరుగారు కాగితం ఆమె ముందు పెట్టి, "మరి నువ్వేసిన దాంట్లో, లోపల చేప ఉందా పోలమ్మా?" అన్నారు.

"ఉంటదండి మరి." గోడవైపు తిరిగి పడుకుంది.

బయటికొచ్చాక మేమిద్దరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. తప్పుగా చదివామా, సరిగ్గా చదివామా?

జనవరి 25

పోలమ్మ పెనిమిటి వచ్చాడు. వసారా కటకటాల అవతల నిలబడ్డాడు, తలపాగా చేత్తో పట్టుకుని. పెద్దపిల్ల మంగకి పెళ్ళి కుదిరిందట. మాఘంలోనే ముహూర్తం.

పోలమ్మ ఇంటికి పోతానంది. డాక్టరుగారు వీల్లేదన్నారు. కఫంలో ఇంకా క్రిములున్నాయి, జ్వరం తగ్గలేదు, ఇంట్లో చిన్నపిల్లలు. మెత్తగానే చెప్పారు. పోలమ్మ కూడా మెత్తగానే విన్నది. అతను వెళ్ళిపోయాక అన్నం పళ్ళెం పక్కకి జరిపింది.

జనవరి 27

తినడం లేదు. ఇవాళ సూది కూడా వద్దంది. "నా పిల్ల పెళ్ళికి నా చెయ్యి పడకపోయాక ఈ సూదులెందుకండీ నాకు" — అంతే. ఏడుపు లేదు, కోపం లేదు. ఆ నిదానం చూస్తే భయం వేసింది.

జనవరి 28

చెయ్యి పడటం అంటే ఏమిటని అడిగాను. పైకప్పు చూస్తూ చెప్పింది.

"అరివేణి కుండలండి. పందిట్లో పెట్టేవి. మా లంకలో కుమ్మరోళ్ళు లేరు గదండీ... ఏలూర్నించి ఉత్త కుండలు దోనెలో తెచ్చుకుని, ఇంట్లో ఆడోళ్ళమే రాత్తాం. మా అమ్మ నాకు రాసింది. మా మంగకి నేను రాయాల. నేను రాయకపోతే ఆ పిల్ల తల్లి లేని పిల్ల కిందే లెక్కండి."

ఇది విని లేచి కూచున్నాను. ఇన్ని రోజులుగా మేం అడుగుతున్నది బొమ్మ వెయ్యమనే కదా... వెయ్యలేకపోతున్నానని ప్రాణం వదులుకునే మనిషి పక్క మంచం మీదే ఉంది!

జనవరి 29

డాక్టరుగారితో మాట్లాడాను. ఆవిడ వెంటనే ఊ అనలేదు. వార్డులో రాసిన కుండ పెళ్ళింటికా? కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. ఎండలో బాగా పెడితే క్రిమి బతకదు — అది డాక్టరుగా. తర్వాత ఇటు తిరిగి ఇంకో మాట అన్నారు. "మా అమ్మమ్మ క్రైస్తవంలోకి వచ్చాక కూడా ఇంట్లో పెళ్ళయితే కుండలు మాత్రం రాసేదట. మా అమ్మ మాన్పించింది. నేను ఒక్కసారి కూడా చూడలేదు."

ఆ తర్వాత, "తెప్పించు" అన్నారు.

జనవరి 31

కుండలొచ్చాయి! గడ్డిలో సర్ది, బండి మీద. పెద్దవి, వాటి మీద చిన్నవి, మూకుళ్ళు. కాల్చిన మన్ను వాసన వసారా అంతా... లోషను వాసన మీద అది గెలిచింది. మంచాలు దిగకూడదన్న వాళ్ళంతా దిగారు. నర్సు కేకలు.

పోలమ్మ లేచి కూచుంది. ఒక కుండని ఒడిలోకి తీసుకుని వేలి కణుపుతో కొట్టింది. ఖంగుమంది. చెవి ఆనించి విన్నది. మళ్ళీ కొట్టింది. ఆ మొహం — ఎలా రాయాలి! పసిబిడ్డ ఊపిరి వింటున్నట్టు.

మధ్యాహ్నం పళ్ళెం ఖాళీ చేసింది. సాయంత్రం సూదికి తనే చెయ్యి చాపింది.

ఫిబ్రవరి 1

డాక్టరుగారి రంగుబిళ్ళలు పనికిరాలేదు. సున్నం, పసుపు, ఎర్రటి జేగురుమన్ను, దీపం మసి. ఆకుపసరు కోసం ఆస్పత్రి పెరట్లో చిక్కుడు పాదు సగం దూసేశారు. ముందు కుండలన్నిటికీ సున్నం పూత. వార్డులో ఎవరికి చేతనైనంత వాళ్ళు. కామవరపుకోట ముసలమ్మ ఒకావిడ కొబ్బరిపీచు నమిలి కుంచె చేసి ఇచ్చింది. అది నమలకూడదని డాక్టరుగారు లాక్కుని ఉడకబెట్టించారు.

నేనూ కుంచె తీసుకున్నాను. అప్పుడు సుబ్బలక్ష్మి నా మంచం దగ్గరికి వచ్చి, చాలా మెల్లిగా, "తప్పుగా అనుకోకండి టీచరమ్మగారూ... పెళ్ళికుండలు కదండీ" అంది.

నిజమే. ఎలా మరిచిపోయాను! బొట్టులేని నుదురు నాకు కనపడదు, వాళ్ళకి కనపడుతూనే ఉంటుంది. చిన్నతనంలోనే పెళ్ళి, పదహారేళ్ళకే ఇలా. పెంటపాడులో నాన్నగారు ఎన్ని పెళ్ళిళ్ళు చేయించారో — ఆ రోజుల్లో నేను వెనకింట్లోనే. మద్రాసు పంపి చదివించినవారూ ఆయనే. శుభకార్యాల్లో ముందుకి రావద్దని చూపుతో చెప్పినవారూ ఆయనే.

"మీరన్నది నిజమేనండీ" అన్నాను. కుంచె పెట్టేశాను. రంగులు కలపడం తీసుకున్నాను. కలిపితే తప్పులేదట.

ఫిబ్రవరి 3

పోలమ్మ రాస్తోంది. మేమందరం చూస్తున్నాం. వార్డులో దగ్గు తప్ప ఇంకో చప్పుడు లేదు.

ముందు గీసుకోవడం లేదు. కొలవడం లేదు. కుండని ఎడమచేత్తో తిప్పుతూ, కుడిచేతి కొబ్బరిపీచు ఊరికే ఆనించి ఉంచుతుంది. కుండ తిరుగుతుంటే గీత దానంతట అదే పుడుతోంది! తామరలు. చేపలు. జేగురు ఆరాక మసి. ఒక ముక్కు... సంచీ వేలాడే గొంతు... గూడబాతు. దాని వెనక ఇంకోటి. కుండ తిప్పేకొద్దీ ఒకదాని వెనక ఒకటి గుంపుగా వస్తూనే ఉన్నాయి.

"చలికాలం వత్తాయండి" అంది. "ఎక్కణ్ణుంచో మరి. పొద్దున్నే లేచేటప్పుడు ఆ రెక్కల గాలికి నీళ్ళు వణుకుతాయి. దోనెలో కూచుంటే మన ఒళ్ళు కూడా."

నా ఒళ్ళు జలదరించింది. మంచం మీద కూచునే.

ఫిబ్రవరి 4

"తమరు కుంచె పట్టుకోరేవండీ?" పోలమ్మ ఇవాళ అడిగింది.

"రంగులు కలుపుతున్నాగా."

"కలపడం ఎవరైనా కలుపుతారండి."

చెప్పాను. నా చెయ్యి ఎందుకు పడకూడదో. నోటితో చెప్పడం బహుశా ఇదే మొదలు. ఇన్నాళ్ళూ చూడగానే అందరికీ తెలిసేది, అడిగే అవసరం ఎవరికీ రాలేదు.

ఆమె గూడబాతుకి రెక్క తీరుస్తూనే విన్నది. "మంగ మా మొదటాయన పిల్లండి. గాలివానలో కొల్లేట్లోనే పోయాడాయన. తరవాత ఈయన్ని మారుమనువు చేసుకున్నాను. మాలో ఉందండి అది." కుంచె ఆగింది. "మరి నా చెయ్యి పడితే మంగకి కీడంటారా?"

"నీ సంగతి వేరు పోలమ్మా."

"అవునండీ. మా సంగతి వేరే. తమ సంగతి వేరే." వాదించలేదు. మళ్ళీ పనిలో పడింది.

ఆ 'వేరే' రోజంతా నన్ను వదల్లేదు. కొల్లేరు మా ఊరికి ఎంత దూరం కనక!

ఫిబ్రవరి 5

సుబ్బలక్ష్మికి ఇవాళ జ్వరం లేదు. మూకుళ్ళన్నిటికీ అంచులు తనే రాసింది. రోజంతా ఒక్క మాట మాట్లాడకుండా!

ఫిబ్రవరి 8

పోలమ్మకి రక్తం పడింది.

పొద్దున్న, కుండ మీదికి వంగినప్పుడు. మొదట జేగురు ఒలికిందనుకున్నాం. తర్వాత కఫం డబ్బా నిండింది. నర్సు పరుగు. డాక్టరుగారు వచ్చి ఐసుగడ్డ, సూది, దిండ్లు తీసేయించి పడుకోబెట్టడం. మాట్లాడకూడదు, కదలకూడదు.

ఒక్క కుండ మిగిలింది. పెద్దది. సున్నం పూసి ఉంది, అంతే. శుక్రవారం కుండల కోసం బండి వస్తుంది.

నావల్లే అయిందా? ఆమెని కూచోబెట్టింది, ఊరించింది నేనే కదా... డాక్టరుగారిని అడిగాను. "ఎప్పుడైనా పడేదే. తినకుండా ఉండి ఉంటే ఇంకా ముందే పడేది" అన్నారు.

ఫిబ్రవరి 9

రాశాను. నా చేత్తో.

ఎలా జరిగిందో వరసగా రాయాలి, లేకపోతే రేపటికి నేనే నమ్మను.

పొద్దున్న పోలమ్మ కళ్ళు తెరిచింది. మాట్లాడొద్దన్నాను. వేలు ఎత్తింది. మిగిలిపోయిన కుండవైపు, తర్వాత నావైపు. నేను తల అడ్డంగా ఊపాను. మళ్ళీ అదే వేలు. ఇంకెవరైనా రాస్తారన్నాను. కళ్ళు మూసుకుంది, కళ్ళ పక్కగా నీళ్ళు చెవుల్లోకి కారాయి. కాసేపటికి గుసగుసగా, ఊపిరంత సన్నగా — "నా పిల్లకి ఎవరో ఒకరు పెట్టడం వద్దండి. తమరు రాయండి."

"ఏం రాయను?"

"తమకేది తోత్తే అది."

ఇదే మాట ఇరవై రోజులుగా నేను అందరికీ చెప్తున్నది! మనసులో ఏది ఉంటే అది. అప్పుడు నాకే ఏమీ తోచలేదు, కూజా గ్లాసు తప్ప. ఇప్పుడు అదే మాట ఈమె నోట వింటే... ఆ పిల్లని నేను చూడలేదు. పసుపు బట్టలు కట్టుకుని పీటల మీద కూచోబోయే పిల్ల. ఆ పిల్ల ఎదట ఉంటుంది ఈ కుండ.

సుబ్బలక్ష్మి తన మంచం మీద కళ్ళు మూసుకుంది. నిద్ర కాదని నాకు తెలుసు. చూడకుండా ఉండటానికే. అదీ ఒక దయే.

కుండని ఒడిలో పెట్టుకున్నాను.

కుండకి మూల లేదు. నేనింతవరకూ వేసిన ప్రతి బొమ్మకీ నాలుగు మూలలు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో అవే చెప్పేవి. ఇది ఏమీ చెప్పదు. ఎటు తిప్పినా ఎదురుగా ఉన్నదే మధ్య. చాలాసేపు ఊరికే తిప్పుతూ కూచున్నాను. ఎప్పుడు ఆనించానో — ఒక గీత. నీళ్ళ గీత. కుండ తిరిగింది, గీత వెళ్ళింది, వెళ్ళి వెళ్ళి తన మొదటిని తానే కలుసుకుంది.

గీతలన్నీ దూరాన ఒక చుక్కలో కలిసి మాయమైపోవాలని మద్రాసులో పాఠం. ఇక్కడ మాయమయ్యే చోటు లేదు. దూరమంతా చుట్టూ తిరిగి నా దగ్గరికే వచ్చేసింది.

తర్వాత నాకు తెలీదు. నీళ్ళ మీద నీళ్ళు. కిక్కిస. దోనె ముక్కు. పొద్దు పొడవక ముందరి బూడిదరంగు — సున్నంలో మసి ఎంత కలపాలో నా వేళ్ళకి తెలుసు! పక్షులు ఇంకా లేవలేదు, లేవబోతున్నాయి. ఆ లేవబోయేముందు వణికే నీళ్ళు. నేను కొల్లేరు ఎప్పుడూ చూడలేదు. ఆమె చెప్పిన రెండు ముక్కలే. అయినా కుండ చుట్టూ ఉన్నది అదేనని, ఇంకో చెరువు కాదని, నాకు తెలుసు.

దీపాలు పెట్టేవేళకి గానీ కుంచె దించలేదు.

అయ్యాక కుండని పోలమ్మ మంచం దగ్గర పెట్టి మెల్లిగా తిప్పాను. పూర్తిగా ఒక చుట్టు. ఇంకో చుట్టు. ఆమె వేలు ఎత్తి ఒకచోట ఆపమంది. దోనె. దానివైపు చూసింది... నేను దోనెలో ఎవరినీ వెయ్యలేదు. ఖాళీగా ఉంది. అది తప్పో ఒప్పో అడగలేదు. ఆమె చెప్పలేదు. చూసీ చూసీ నిద్రపోయింది.

ఇప్పటికీ వేళ్ళలో కుండ తిరుగుతూనే ఉంది.

ఫిబ్రవరి 10

వసారా బయట ఎండలో కుండల వరస. డాక్టరుగారు తనే తిప్పి తిప్పి పెట్టారు. రోగుల్ని చూడటానికి వచ్చినవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఇవి ఎవరివని, ఎక్కడ దొరుకుతాయని ఒకాయన అడిగాడు. పెళ్ళివారివండీ అన్నాం.

ఫిబ్రవరి 11

బండి వెళ్ళిపోయింది. రేవు దాకా బండి, అక్కణ్ణుంచి దోనె. పోలమ్మ పెనిమిటి కుండల్ని గడ్డిలో సర్దుతూ ఏ కుండ ఎవరు రాశారని అడగలేదు. నేను చెప్పలేదు. చెప్పాలా?

ఇప్పుడు భయం. మగపెళ్ళివారికి తెలిస్తే? ఒకటి క్షయ వార్డు. రెండోది నా చెయ్యి. ఏది పెద్ద తప్పు అవుతుందో.

ఫిబ్రవరి 15

ఏ కబురూ లేదు. పోలమ్మకి రక్తం ఆగింది. గంజి తాగుతోంది.

ఫిబ్రవరి 17

ఇవాళ ముహూర్తం. పగలంతా పోలమ్మ కళ్ళు తెరుచుకునే పడుకుంది. వార్డులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. డాక్టరుగారు రెండుసార్లు వచ్చారు, ఏమీ అడగకుండా వెళ్ళిపోయారు.

ఫిబ్రవరి 20, ఆదివారం

మంగ వచ్చింది!

కటకటాల అవతల, పసుపు బట్టలతో, మెళ్ళో కొత్త సూత్రాలతో, వెనక ఆ కుర్రాడు సిగ్గుపడుతూ. లోపలికి రానివ్వరు. పోలమ్మ మంచాన్ని వసారాలోకి నలుగురం పట్టి జరిపాం. తల్లీ కూతురూ ఒకరినొకరు కళ్ళారా చూసుకున్నారు. తర్వాత ఆ పిల్ల గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"ఆస్పత్రి కుండలు పందిట్లోకొద్దన్నారమ్మా మా అత్తోరు. బయట చెట్టు కింద పెట్టించేశారు. వేరే కుండలు తెప్పిత్తామన్నారు. నేను పీటలమీద కూకోనన్నాను."

"ఓసి నీ తస్సాదియ్యా" అంది పోలమ్మ. గొంతు లేదు, పెదాలే.

"కూకోనన్నానమ్మా. మా అమ్మ రాసినియ్యి లేకపోతే మా అమ్మ రానట్టే, మా అమ్మ రాకపోతే నాకీ పెళ్ళెందుకన్నాను. ముహూర్తం దాటిపోతందని గోల. అప్పుడు ఈయన అమ్మమ్మ లేచిందమ్మా. చూపు ఆనదు ఆవిడకి. చెట్టు కిందికెళ్ళి కూచుని ఒక్కో కుండా తడిమింది. తడిమి తడిమి, ఎండకి కాగి నిప్పులా ఉన్నాయి, ఈటిలో ఇంకేం రోగముంటదిరా అంది. పట్టుకొచ్చి పందిట్లో ఆవిడే పెట్టింది."

అందరూ ఏడుస్తున్నారు. నవ్వుతున్నారు. సుబ్బలక్ష్మి రెండూ.

మంగ అప్పుడు అడిగింది — "ఆ నీళ్ళ కుండ ఎవరు రాశారమ్మా? నీయన్నీ నాకు తెలుసు. అది తెలీలేదు. పీటల మీద కూకున్నంతసేపూ దాన్నే చూశాను. దోనె ఖాళీగా ఉంది. మా నాయన దోనె అనుకున్నాను. చచ్చిపోయిన నాయన. ఆయన కూడా వచ్చి కట్టేసి దిగినట్టు..."

పోలమ్మ నన్ను చూడలేదు. ఆమె చెయ్యి మాత్రం మంచం పక్కగా వచ్చి నా కొంగు పట్టుకుంది.

నేను ఆ ఖాళీ ఎందుకు ఉంచానో నాకు తెలీదు. ఒట్టు. ఎవరు ఉంచారో!

ఫిబ్రవరి 22

డాక్టరుగారు పోలమ్మ ఫైలు ముందేసుకుని కూచున్నారు. ఇంగ్లండులో ప్రతి రోగి బొమ్మా తారీఖు వేసి ఫైల్లో పెట్టేవారట. ఇందులో తడిక బొమ్మ ఒక్కటే ఉంది.

"మిగతావి కొల్లేట్లో ఉన్నాయి. ఏమని రాయను రాజేశ్వరీ?" నవ్వారు. తర్వాత నవ్వకుండా, "అక్కడి రోగులు ఒంటరిగా కూచుని తమ కోసం వేసుకుంటారు. అది చూసి నేర్చుకున్నాను. ఇక్కడ ఒక్కళ్ళు కూడా తమ కోసం వెయ్యలేదు. అయినా..." అక్కడ ఆపేశారు. పోలమ్మకి తగ్గుతోందా అని అడిగితే ఎక్స్‌రే తెరమీద ఊపిరితిత్తులు చూడకుండా చెప్పలేనన్నారు. జ్వరం మాత్రం దిగిందన్నారు. ఆవిడకి తెలిసిందే చెప్తారు, లేనిది చెప్పరు. అందుకే ఆవిడంటే నాకు గౌరవం.

ఫిబ్రవరి 23

లేచేసరికి నా మంచం పక్కన ఒక కొత్త కుండ. ఉత్తది. సున్నం పూసి, ఆరబెట్టి, పెట్టి ఉంది. సుబ్బలక్ష్మి తన మంచం మీద జడ వేసుకుంటోంది. నావైపు చూడటం లేదు.

"ఎవరిదండీ ఇది?"

"వార్డుకి మంచినీళ్ళ కుండండీ. పాతది కారుతోంది" అంది. "ఏదో ఒకటి రాద్దురూ. ఖాళీగా ఏం బాగుంటుంది."

ఫిబ్రవరి 25

రాస్తున్నాను. ఈసారి నీళ్ళు రాలేదు. చిలకలు వచ్చాయి. ముక్కులు కలుపుకున్న చిలకలు, మెడలో పసుపు గీత, తోకలు పైకి వంపు తిరిగి... సగం రాశాక గుర్తుపట్టాను. నా పెళ్ళికుండల మీదివి. పెంటపాడులో, మా ఇంటి పందిట్లో. పీటల మీద నిద్రకి తూలుతూ చూసిన చిలకలు. ఇన్నేళ్ళు ఎక్కడున్నాయి ఇవి! ఒక్క ఈకైనా మరిచిపోలేదు చెయ్యి. చెరిపేద్దామనుకున్నాను, చెరపలేకపోయాను. పూర్తిచేశాను.

పోలమ్మ చూసి, "ఇయ్యి మా వేపు చిలకలు కావండి" అంది.

"కాదు. మావి."

ఫిబ్రవరి 27, ఆదివారం

నాన్నగారు వచ్చారు. పెంటపాడు నుంచి పొద్దున్నే బయల్దేరి. ఎప్పటిలాగే కటకటాల అవతల బల్లమీద కూచుని, జ్వరం ఎంత, దగ్గు ఎలా ఉంది, పాలు ఇస్తున్నారా — అదే వరస. నేను జవాబులు చెప్తున్నాను. ఆయన కళ్ళు నా భుజం మీంచి ఎటో వెళ్ళాయి. వసారా మూల, ముక్కాలిపీట మీద కుండ.

లేచారు. కటకటాల వెంట నడిచి కుండకి ఎదురుగా నిలబడ్డారు. కళ్ళజోడు తీసి ఉత్తరీయంతో తుడుచుకుని పెట్టుకున్నారు.

"ఇవి ఎవరు రాశారమ్మా?"

"నేనేనండీ నాన్నగారూ."

ఆయన పురోహితులు. ఆ చిలకలు ఏ పందిట్లోవో ఆయనకి తెలియకుండా ఉండదు. ఆ పందిట్లో నన్ను కన్యాదానం చేసినవారే ఆయన. చాలాసేపు నిలబడ్డారు. ఏమైనా అంటే బావుండును. తిట్టినా సరే.

"ఎండ ఎక్కువైంది. లోపలికి వెళ్ళు" అన్నారు.

మెట్లు దిగి వెళ్ళిపోయారు. నేను వెళ్ళలేదు, అక్కడే నిలబడ్డాను. గేటు దాకా నడిచి ఆగారు. వెనక్కి తిరిగారు. మళ్ళీ వస్తున్నారు, నెమ్మదిగా, ఆ ఎండలో. నేను కటకటాల దగ్గరికి జరిగాను.

బల్లకి ఆనించి మరిచిపోయిన గొడుగు తీసుకున్నారు. కుండవైపు ఇంకోసారి చూశారు. ఈసారి ఒకవైపు నుంచి కాదు, అటు వంగి, ఇటు వంగి, కనపడినంత మేర. గొడుగు విప్పకుండానే చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

గొడుగు కోసమే వచ్చారా?